మామిడి సబ్బు

వాడి కబీర్, మస్కట్
12 సెప్టెంబర్ 2025

లింబాద్రికి,

ఫోన్‌లో మనం "తిన్నావా", "తిన్నా" దాటి ముందుకు పోవడం లేదు. పోయిన శుక్రవారం మాట్లాడింది నిమిషం కూడా లేదు. అందులో సగం నువ్వు దగ్గావు. సైట్‌లో దుమ్ము అన్నావు. నమ్మాను.

అందుకని ఉత్తరం. మీ అక్క నీకు నెలనెలా రాసిన ప్యాడ్ వంటింటి సొరుగులో ఉంది. ఇంకా కొన్ని కాగితాలు మిగిలాయి. పడేయడం ఎందుకు?

మా కంపెనీ లారీ డ్రైవర్ సమీయుల్లా వారం వారం మీ రైసూత్‌కి టైల్స్ తెస్తాడు. మీ అక్క ఉన్నప్పుడు తపాలా శాఖ అతనే. ఇప్పుడూ అతనే.

పార్సిల్‌లో ఉన్నవి: మామిడికాయ తొక్కు ఒక సీసా. పక్కింటి అంజలి గారు చేశారు. ఉప్పు ఎక్కువ, ఆమెతో అనకు. నా పాత చొక్కాలు రెండు. మామిడి వాసన సబ్బులు ఐదు. అవి మీ అక్క కొన్నవి. నాకు పడవు, ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. అల్మరాలో ఆరు డబ్బాలుంటే ఒకటి ఉంచుకుని మిగతావి పంపుతున్నాను.

నవంబర్ పద్నాలుగుకి ఆమె పోయి ఏడాది. ఇక్కడ విశేషాలు లేవు. ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే మాట్లాడుతుంది.

ఆరేళ్ల కింద ఆమె తల మీద చెయ్యి పెట్టి ఇద్దరం పొగ ముట్టమని ఒట్టు వేశాం. నా సిగరెట్టు, నీ బీడీ ఒకే రోజు పోయాయి. నేను మాట మీద ఉన్నాను. నువ్వూ ఉన్నావనుకుంటాను.

దగ్గుకి వేడినీళ్లు తాగు.

గంగాప్రసాద్


రైసూత్ కాంపు
19 సెప్టెంబర్

బావకు దండం పెట్టి రాస్తున్న,

పార్సిల్ అందింది. తొక్కు రూముల ఎనిమిది మందిమి పంచుకున్నం. మా భీమన్న నోట్ల పెట్టుకొని "గిది తొక్కు కాదురా, సముద్రం" అన్నడు. అయినా రెండు రోజులల్ల సీస ఖాళీ. చొక్కాలు మంచిగున్నయ్, చేతులే జర పొడుగు.

బావా, ఇగ సబ్బుల సంగతి. నాలుగు డబ్బాలల్ల సబ్బులున్నయ్. ఐదోది తెరిస్తే అండ్ల సబ్బు లేదు. వేప్ ఉంది, గదే బ్యాటరీ సిగరెట్టు. నల్లగ, బరువుగ, మెరుస్తాంది.

నీకు తెల్సిపోయింది గదా.

ఎవలు చెప్పిండ్రు? సమీయుల్లానేనా? ఫోన్ల తిట్టలే, ఉత్తరంల తిట్టలే. పైకెల్లి "నువ్వూ మాట మీద ఉన్నావనుకుంటాను" అని రాసి, కింద అక్క కొన్న సబ్బు డబ్బాల వేప్ పెట్టి పంపినవ్. చెంప మీద కొట్టినా గింత తగలకపోవు బావా.

ఒప్పుకుంటున్న. బీడీ ముట్టలే. అది మాత్రం నిజం. గని అక్క పోయిన నెల రోజులకు, నిద్ర పడుతలేదని, మా రూముల వంట చేసే అక్బర్ ఒక వేప్ చేతుల పెట్టిండు. "ధువా నహీ భాయ్, భాప్ హై" అన్నడు. పొగ గాదు ఆవిరి అంటే, ఒట్టు తెగదు అనుకున్న. ఇడ్లీ గిన్నెకు గూడ ఆవిరి వస్తది గదా అని నాకు నేనే చెప్పుకున్న.

మాది ప్లాస్టిక్‌ది. పుచ్చకాయ వాసన. అయిపోతే పారేసుడే. ఒకటి తెచ్చుకుంటే ఐదుగురం పంచుకుంటం. అందరం ఒకప్పుడు బీడీలు తాగి మానినోళ్లమే. కాంపు బాస్ రూముల కొస్తే ఎవని నోట్ల ఉంటే వాడు ఊపిరి బిగబట్టాలె. మొన్న బాస్ నీళ్ల ట్యాంకు గురించి పది నిమిషాలు మాట్లాడిండు. పాపం భీమన్న మొఖం వంకాయ రంగుకొచ్చింది.

నువ్వు పంపినదాన్ని వాడలే. అక్క ఫొటో ముందల పెట్టిన. ఇయ్యాల్టి సంది నాది బంద్. నీ తీర్గ మాట మీద నిలబడెటోన్ని గాకపోతిని.

మొఖం చూపియ్యలేని నీ బామ్మర్ది,
లింబాద్రి


వాడి కబీర్
26 సెప్టెంబర్

లింబాద్రికి,

ఉత్తరం చదివాను.

నాకు తెలియనిదేమీ లేదు. ఎవరు చెప్పారన్నది నీకు అనవసరం. సమీయుల్లాను ఏమీ అనకు.

మానేస్తానన్నావు, సంతోషం. ఆ వస్తువు నీ దగ్గర ఉండకూడదు. సమీయుల్లాతో వెంటనే వెనక్కి పంపు. ఈ దేశంలో వాటి అమ్మకం నిషేధం. కాంపులో దొరికితే నీకు ఇబ్బంది. నా దగ్గర ఉంటే భద్రం.

పంపేలోపు దాన్ని పడుకోబెట్టకు. నిలబెట్టి ఉంచు. పడుకోబెడితే ద్రవం కారుతుంది. ఎండ తగలనివ్వకు, బ్యాటరీ పాడవుతుంది. మీట ఐదుసార్లు గబగబా నొక్కితే ఆగిపోతుంది. ఇవన్నీ ఎక్కడో చదివాను.

పోయిన వారమంతా ఇంట్లో ఒక వస్తువు కోసం వెతికాను. మంచం కింద, బియ్యం డబ్బాలో, బీరువా మీద. ఇప్పుడు వెతకడం ఆపాను.

త్వరగా పంపు.

గంగాప్రసాద్


రైసూత్ కాంపు
3 అక్టోబర్

బావకు,

నువ్వు చెప్పినట్టే నిలబెట్టిన. ఐదుసార్లు నొక్కితే నిజంగనే ఆగింది. రూముల అందరు చప్పట్లు కొట్టిండ్రు. చదువుకున్నోళ్లు చదువుకున్నోళ్లే అన్నడు భీమన్న.

గని పంపుడు కుదరదు. సమీయుల్లాకు చూపెట్టి అడిగిన. "ఇది నేనే తెచ్చిన్నా!" అని మూడుసార్లు అల్లాను తల్సుకున్నడు. వెయ్యి కిలోమీటర్లు సీటు కిందనే పెట్టుకొని వచ్చిండట. తొక్కు తెస్తడట, చొక్కాలు తెస్తడట, ఇది మాత్రం చంపినా వెనక్కి తీస్కపోడట.

దాని మీద ఒక చిన్న తెర ఉంది. అండ్ల అంకెలు కనబడ్తున్నయ్. "ఆఫీసోళ్లకు ఆవిరి పీల్చెతందుకు గూడ టీవీ గావాలె" అన్నడు భీమన్న. ఆయన ఇంకోటి గూడ అడిగిండు. "కొత్తదైతే పట్టుకునే కాడ రంగెందుకు పోయింది? మూతి కాడ పంటి గాట్లెందుకున్నయ్?" నేను గట్టిగనే జవాబు చెప్పిన. ఒకనికి బుద్ధి చెప్పెతందుకు కొత్తది ఎవడన్న కొంటడా, మా బావ పాతదే చూసి కొన్నడు అని. ఆయన "ఊఁ" అన్నడు. ఆ "ఊఁ" నాకు నచ్చలే.

దసరా నాడు అందరు నన్ను పక్కకు పెట్టి పీలుస్తుంటే ఒక్క గుక్క పట్టిన. నీ దగ్గర దాచి ఏం లాభం? పొద్దుగాల లేస్తే చేతులు వణుకుతున్నయ్ బావా. మొన్న సైట్‌ల కడ్డీలు కట్టంగ తీగ జారిపోయింది. సిగరెట్టు మానినప్పుడు నువ్వెట్ల తట్టుకున్నవో జర రాయి.

లింబాద్రి


వాడి కబీర్
10 అక్టోబర్

లింబాద్రికి,

సమీయుల్లా పిరికివాడు. ఈ మాట అతనితో చెప్పు. వద్దు, చెప్పకు.

ఈ వారం ఆఫీసులో ముగ్గురితో గొడవపడ్డాను. తప్పు ముగ్గురిదీ. అంజలి గారు బాగున్నారా అని అడిగితే ఎందుకు అడుగుతున్నారు అన్నాను. ఆమె మళ్లీ తొక్కు ఇవ్వలేదు. రాత్రిళ్లు జ్యూస్ స్ట్రా కొరుకుతున్నాను. పళ్లకు మంచిదని.

ఎలా తట్టుకున్నావని అడిగావు. ఏమీ తట్టుకోలేదు. మీ అక్క ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలిచేది. నేను చెయ్యి జేబులో పెడితే బఠాణీలు చేతిలో పెట్టేది. అంతే.

మా డ్రాయింగ్ ఆఫీసులో సిగరెట్టు మానినవాళ్లు ఐదుగురు. ఐదుగురికీ వేప్‌లున్నాయి. మా మేనేజర్ రియాజ్ సార్‌ది తోలు తొడుగులో ఉంటుంది. ఆయనకొక డాక్టర్ ఉన్నాడు. ద్రవం సీసా మీద నికోటిన్ పన్నెండు అని ఉన్నది వాడమన్నాడు, తర్వాత ఆరు, తర్వాత మూడు, తర్వాత సున్నా. మెట్లు దిగినట్టు. ఆయన దుబాయ్ పోయినప్పుడల్లా మిగతావాళ్లకూ తెస్తాడు. ఇక్కడ దాన్ని మానే ప్రయత్నం అంటారు. మీ కాంపులో అదే పని చేస్తే తనిఖీ చేస్తారు.

ఇది నేను చూసి చెబుతున్న మాట. నాకు సంబంధం లేదు.

మీ ప్లాస్టిక్ దాని మీద ఏ అంకె ఉందో చూసి రాయి. మరచిపోకు.

గంగాప్రసాద్


రైసూత్ కాంపు
24 అక్టోబర్

బావకు,

అంకె చూసిన. ఐదు అని ఉంది, పక్కన శాతం గుర్తు. నీ దాని అడుగున అతికిచ్చిన చీటి మీద మూడు ఉంది. రెండే తేడా. మంచిదే గదా? అట్లయితే ఎక్కువ భయం లేదని అందరికీ చెప్పిన.

ఇప్పుడు అసలు సంగతి. అక్క ఉత్తరాలన్ని బిస్కెట్ డబ్బాల దాచిన. దీపావళి నాడు డ్యూటీ లేకుంటె తీసి మొదటి సంది చదివిన. ఒక ఉత్తరంల నీ గురించి రాసింది. అది వచ్చినప్పుడు నాకు సమజ్ గాలే. ఏందో రాసింది తియ్ అని పక్కకు పెట్టిన. ఇప్పుడు సమజైంది. చదివి నవ్విన. ఆ మీద బయటికి పోయి శానాసేపు నిలబడ్డ.

ఏం రాసిందో చెప్ప. చెప్పద్దని అక్కనే రాసింది.

నవంబర్ పద్నాలుగు శుక్రవారం పడ్డది. ఏడాది పెట్టాలె. మీకు పిల్లలు లేకపాయె, అక్క పేరు మీద పిట్టకు పెట్టేటోళ్లం మనిద్దరమే. నువ్వు రా బావా. బస్సుల ఒక్క రాత్రి. కాంపు వెనుక జాగ ఉంది, కాకులు మస్తున్నయ్. అక్కకు ఇష్టమున్నవి వండి పెడ్దం. కాకి ముట్టినంక అందరం తిందం.

ఎవల మనసుల ఏమున్నా ఆ రోజు చెప్పుకోవచ్చు. నా మనసుల ఉన్నది చెప్పేసిన. ఇగ ఎవలిది మిగిలిందో నాకేం ఎరుక.

బామ్మర్ది


వాడి కబీర్
31 అక్టోబర్

లింబాద్రికి,

రాలేను. ఆఫీసులో డ్రాయింగులు చాలా ఉన్నాయి. శుక్రవారం ఆఫీసు ఉండదు కదా అంటావు. నిజమే.

ఆమెకు ఇష్టమైనవి: సర్వపిండి, గిన్నె అంచున మాడినది. అలసంద గారెలు. చాయ్, రెండు చెంచాల చక్కెర, నేను చూడనప్పుడు మూడు. మటన్ పెద్దగా తినేది కాదు. మీవాళ్లు తింటారు కాబట్టి వండించు.

నేను ఇక్కడ మేడ మీద పెడతాను.

ఐదు, మూడు సంగతి తర్వాత రాస్తాను.

ఏం రాసింది?

గంగాప్రసాద్


రైసూత్ కాంపు
14 నవంబర్, పొద్దూకి

బావకు,

మధ్యాహ్నం నువ్వు ఫోన్ల ఉన్నవ్ గని ఇక్కడ జరిగింది నీకు కనబడలే. అందుకే ఇయ్యాలనే రాస్తున్న.

అక్బర్ పొద్దుగాల నాలుగింటికి లేచి మటన్ ఎక్కించిండు. సర్వపిండి నేనే చేసిన, అంచు మాడింది, మాడబెట్టే అవసరం రాలే. గారెలు భీమన్న. చాయ్‌ల మూడు చెంచాలు. ఇవన్ని స్టీలు పల్లెంల పెట్టి కాంపు వెనుక గోడ కాడ పెట్టిన. ఇంకేం పెట్టాలని చూస్తే అక్క చేతులకెల్లి వచ్చింది సబ్బే గదా. నేను రుద్దుకోంగ అరిగి మిగిలిన ముక్క ఉంటే అదీ ఒక పక్కకు పెట్టిన. భీమన్న "సబ్బు ఎవడన్న పెడ్తడారా?" అన్నడు. "నీకెందుకే, మా అక్కది" అన్న.

పది గంటలకు పెట్టినం. పదకొండాయె. పన్నెండాయె. ఒక కాకి నీళ్ల ట్యాంకు మీద కూసున్నది. దిగదు, పోదు. పిట్ట ముట్టందే ఎవలు తినద్దు గదా. ఎనిమిది మందిమి ఎండల నిలబడ్డం. మటన్ వాసన ఒకదిక్కు సంపుతాంది.

భీమన్న పెద్దమనిషి గదా, ముందల ఆయనే అందుకున్నడు. "బిడ్డా శ్రీవాణీ, గంత కోపమేందే? నీ తమ్మున్ని మేం చూసుకుంటం. వచ్చి ముట్టు తల్లీ." కాకి రెక్క గీక్కున్నది.

అక్బర్ చేతులు జోడించి, "దీదీ, గోష్త్ ఠండా హో రహా హై" అన్నడు, మటన్ సల్లారుతాందని.

నేను చెప్పిన: "అక్కా, పుచ్చకాయది బంద్ చేస్త. దసరా నాడు పట్టిన గుక్క ఆఖరుది." కాకి నన్ను చూసింది. దిగలే. "బావను ఒక్కన్ని చెయ్య, వారం వారం ఉత్తరం రాస్త" అన్న. అది తోక తిప్పింది.

భీమన్న నా చెవుల "నీదంత అయిపోయింది. దీనికి మీ బావ మాట గావాలె" అన్నడు.

అప్పుడు చేసిన నీకు ఫోన్. స్పీకర్ పెట్టిన, తప్పే. నువ్వు ఎత్తంగనే "తిన్నావా?" అన్నవ్. ఎనిమిది మంది ఒక్కపారి మూలిగిండ్రు. "ఎక్కడిది బావా, పిట్ట ముడ్తలేదు. నీ దగ్గర ఏదన్న మాట ఉంటే అక్కకు చెప్పు" అన్న. ఫోన్ కట్ అయిందనుకున్న. నీ ఫ్రిజ్ చప్పుడు వినబడ్డది.

ఆ మీద నువ్వన్నవ్ గదా, "శ్రీవాణీ, అది సబ్బు గాదు. వేప్. సబ్బని నీకు అబద్ధం చెప్పిన. నువ్వు తెచ్చిన సబ్బు నాకు పడలే, అయినా రుద్దుకున్న" అని. బావా, నువ్వు మన ఇంటి మాట మాట్లాడంగ విని ఎన్నేండ్లాయె. అందరు తలకాయలు కిందికేసిండ్రు. అక్బర్‌కు తెలుగు రాదు, వాడూ వేసిండు. నువ్వు ఫోన్ పెట్టేసినవ్.

ఇగ చూడు. కాకి దిగింది. ఎగురుకుంట వచ్చి మటన్ చూసింది, వద్దన్నది. గారె చూసింది, వద్దన్నది. చాయ్ మీదికెల్లి దాటింది. సబ్బు ముక్క నోట కర్సుకొని పోర్టు క్రేన్ల దిక్కు ఎగిరిపోయింది.

"సాబున్ లే గయీ!" అన్నడు అక్బర్. భీమన్న కండ్లు తుడ్సుకొని, "ముట్టింది! ఏది ముడితే ఏందిరా, ముట్టింది! కంచాలు పట్టుండ్రి!" అని ఒర్రిండు. మటన్ మంచిగ కుదిరింది బావా. సల్లగున్నా మంచిగున్నది.

నువ్వు చెప్పేదాంక చెప్పద్దు అన్నది అక్క. నువ్వు చెప్పినవ్. ఇగ ఆ ఉత్తరం నా దగ్గర ఉంచుకునే హక్కు లేదు. దీంతోని పంపుతున్న.

నీ లింబాద్రి


(దీనితో జత చేసిన పాత ఉత్తరం)

వాడి కబీర్
9 జనవరి 2024

తమ్మునికి అక్క రాసేది,

కారప్పొడి, పల్లీల పొడి సమీయుల్లాతోని పంపిన. కారంది ఎర్ర మూత.

మీ బావ సిగరెట్టు ముడ్తలేడు గని ఇంకేందో పట్టిండు. బాత్రూమ్‌లకెల్లి రోజు మామిడిపండ్ల వాసన. చలికాలంల మామిడిపండ్లు ఎక్కడియి? అడిగితే సబ్బు అన్నడు. ఏ సబ్బు అంటే పేరు యాదికి లేదన్నడు. నేను రూవీల ఉన్న దుకాణాలన్ని తిరిగి మామిడి వాసన సబ్బులు తెచ్చి చేతుల పెట్టిన. అప్పుడు ఆయన మొఖం నువ్వు చూడాల్సింది. పాపం రోజు దాంతోనే స్నానం చేస్తుండు, ఒళ్లంత దద్దుర్లు. అయిపోంగనే మళ్ల తెస్తున్న.

ఒకనాడు చూసిన. సెల్లు తీర్గ నల్ల డబ్బ, నోట్ల పెట్టుకుంటే లైటు వెలుగుతది. అదేందో నాకు తెల్వదు. సిగరెట్టు కంపు మాత్రం లేదు, రాత్రి దగ్గుడు తగ్గింది. ఊకున్న.

నువ్వు అడగకు, నవ్వకు. ఆయన చెప్పేదాంక చెప్పకు. ఎప్పటికైనా ఆయనే చెప్తడు. నాకేం తొందర లేదు.

అక్క


వాడి కబీర్
21 నవంబర్ 2025

లింబాద్రికి,

రెండు ఉత్తరాలూ అందాయి. ఆమెది మూడుసార్లు చదివాను. నీది రెండుసార్లు.

ముందు పని మాట. నీ దాని మీద ఐదు అంటే శాతం. నా సీసా మీద అంకె మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల నికోటిన్ అని, ఆ లెక్కలో నీది యాభై. నాది మూడు. నువ్వు రెండే తేడా అనుకున్నావు. అది తప్పని నాకు ఆ రోజే తెలుసు. చెబితే నీకెలా తెలుసని అడుగుతావని చెప్పలేదు. నీ చేతులు వణుకుతున్నాయని రాశాక కూడా నా పరువు చూసుకున్నాను. ఇందుకు నన్ను తిట్టు. నువ్వు తిట్టకపోతే భీమన్నతో తిట్టించు.

రియాజ్ సార్ డాక్టర్‌ని కలిశాను. కాంపు వాళ్లనీ చూస్తారా అని అడిగాను. చూస్తానన్నాడు, ఇంతవరకు ఎవరూ రాలేదన్నాడు. ఎవరూ చెప్పకపోతే ఎవరు వస్తారు? నీకూ భీమన్నకూ డిసెంబర్‌లో రోజు తీసుకున్నాను. నేను వచ్చి ఇద్దరినీ తీసుకొస్తాను. బస్సులో బఠాణీలు ఒలుద్దాం.

ఆరు డబ్బాల్లో ఒకటి ఖాళీ చేసి వేప్ దాచాను. ఎవరైనా చూసినా సబ్బే అనుకుంటారని. ఆ డబ్బానే ఉంచుకున్నాననుకున్నాను. పార్సిల్ పోయిన రాత్రి తెరిస్తే సబ్బు ఉంది. నీ ఉత్తరం వచ్చేదాకా, ఎక్కడైనా వేరే చోట పెట్టి మరిచానేమో అని ఇల్లంతా వెతికాను. అది లేక రెండు నెలలైంది. నేనుగా మానలేదు. పార్సిల్ చేసి పంపించేశాను. ఆఫీసులో ఎలా మానారని అడుగుతున్నారు. సమీయుల్లా ద్వారా అంటున్నాను. దాన్ని వెనక్కి పంపకు.

అంజలి గారికి క్షమాపణ చెప్పాను. తొక్కు వచ్చింది. ఉప్పు అంతే.

ఆమెకు తెలుసన్నమాట. ఆ దద్దుర్లకు రోజూ కొబ్బరినూనె రాస్తూ, ఈ మస్కట్ నీళ్లు మంచివి కావు అనేది. నేనూ అవును, నీళ్లే అనేవాణ్ణి. ఏడాదంతా ఇద్దరం నీళ్లను తిట్టాం.

పద్నాలుగున నేనూ మేడ మీద పెట్టాను. పావురాలు తినిపోయాయి. పావురాలు లెక్కలోకి రావు. ఈ రోజు శుక్రవారం. నా దగ్గరున్న ఆ ఒక్క సబ్బు విప్పి, ఒక ముక్క కోసి పిట్టగోడ మీద పెట్టాను. మిగతా దాంతో స్నానం చేశాను. దద్దుర్లు మొదలయ్యాయి.

మీ అక్క ప్యాడ్‌లో ఇది చివరి కాగితం. కొన్ని నీకు రాయబోయి చింపాను. కొత్త ప్యాడ్ కొన్నాను.

ఎదురింటి డిష్ మీద ఒక కాకి కూర్చుని ఉంది. చాయ్ తెచ్చుకుని ఇక్కడే కుర్చీ వేసుకున్నాను. మూడు చెంచాల చక్కెర. ఎప్పుడు వస్తే అప్పుడే రానీ.

నాకేం తొందర లేదు.

బావ